రెండో అంతస్తు ఆయన సందేహాలు

చిరంజీవి బొంగరానికి,

మీ నానమ్మ ఆశీర్వదించి రాసేది ఏమంటే, ఇక్కడ అందరం బతికే ఉన్నాం. క్షేమం అని రాద్దామనే అనుకున్నాను గానీ నా మోకాళ్ళు రెండూ ఒప్పుకోలేదు. అక్కడ నువ్వు కూడా అంతో ఇంతో బతికే ఉన్నావని తలుస్తాను.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోనులో నువ్వు "ఊఁ", "సరే", "తర్వాత" తప్ప ఇంకో మాట మాట్లాడవు. పైగా నేను హాల్లో ఫోను పట్టుకుంటే చాలు, మీ నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకుంటాడు. అది తలకిందులుగా ఉన్నా వాడికి పట్టదు.

ఇంతకీ అసలు సంగతి. మా కింద రెండో అంతస్తులో కొత్తగా ఒకాయన దిగాడు. వాళ్ళ బట్టలుతికే మిషను, నీళ్ళు పిండే వేళకి నడక మొదలుపెడుతోందట. గోడ పక్కన పెట్టింది తలుపు దాకా వస్తోంది. మొన్న తలుపుకు అడ్డంగా ఆగిపోతే వాళ్ళావిడ లోపలే ఉండిపోయింది. ఆవిడేమీ కేకలు వెయ్యలేదు, హాయిగా పీట వేసుకుని కూర్చుంది, అది వేరే సంగతి. నువ్వు ఎగుడుదిగుడు నేల మీద తిరిగే నీళ్ళ గురించి పరిశోధన చేస్తున్నావని ఎప్పుడో నోరు జారాను. అప్పట్నుంచీ "మీ మనవరాలినే అడగండి" అని నా ప్రాణం తోడేస్తున్నాడు. నాలుగు ముక్కలు రాసి పడెయ్యి.

నీ పేరు మన ఇంట్లో ఇంకా ఎవరూ ఎత్తడం లేదు. భోజనాల దగ్గర మాటలు ఊరంతా తిరుగుతాయి, నీ దాకా వచ్చేసరికి పక్కకు మళ్ళుతాయి. మీ అమ్మ అన్నం గిన్నె అటు జరిపి, ఇటు జరిపి, లేచిపోతుంది.

ఆశీస్సులతో,
నానమ్మ

తా.క.: రెండో అంతస్తు ఆయన కాస్త పౌరుషం మనిషి. జవాబు మర్యాదగా రాయి.

*

నానమ్మకు,

నమస్కారాలు. బతికే ఉన్నాను. అంతకంటే గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు.

నానమ్మా, నేను చదివేది బట్టల మిషన్ల గురించి కాదు. భూమి తిరుగుతోంది కదా, దాని మీద సముద్రం కూడా తిరుగుతోంది. ఆ సముద్రం అడుగున కొండలున్నాయి. వాటి మీదుగా వచ్చే నీళ్ళు ఏం చేస్తాయన్నది నా పని. బడిలో భూగోళం చెప్పినదానివి, నీకు చెప్పాలా? సముద్రాన్ని గదిలోకి తేలేం గనక, తిరిగే బల్ల మీద గుండ్రటి గాజు తొట్టి పెట్టి నీళ్ళు పోస్తాం. అడుగున చిన్న బిళ్ళ పెడతాం. అదే మా కొండ. బల్ల తిప్పుతాం. నీళ్ళన్నీ తొట్టితో పాటు ఒక్కటిగా తిరగడం మొదలయ్యాక, వేగం పిసరంత మారుస్తాం. అప్పుడు నీళ్ళు బిళ్ళ వైపు మెల్లగా జారతాయి.

ఇక్కడే ఉంది తమాషా. బిళ్ళ అడుగునెక్కడో రెండు వేళ్ళ ఎత్తున ఉంటుంది. పైన నీళ్ళకు ఏ అడ్డూ లేదు. అయినా పైనున్న నీళ్ళు కూడా సరిగ్గా బిళ్ళకు నెత్తిన ఉన్న చోటికి వచ్చి, అక్కడ స్తంభమేదో ఉన్నట్టు చుట్టూ తిరిగి పోతాయి. రంగు చుక్కలు వేస్తే కనబడుతుంది. ఆ స్తంభం లోపలి నీళ్ళు మాత్రం ఎటూ కదలకుండా బిళ్ళను అంటిపెట్టుకుని ఉంటాయి.

కనబడుతుంది అన్నాను గానీ, నాకు కనబడి చావడం లేదు. రంగు కొండ మీదుగా దర్జాగా దాటిపోతోంది. పరీక్షకులు వచ్చేది త్వరలోనే. వాళ్ళ ఎదుట స్తంభం నిలబడకపోతే నా థీసిస్ కూడా నిలబడదు.

మీ రెండో అంతస్తు ఆయనకు చెప్పు: ఒక్క దుప్పటే వేసి తిప్పొద్దని, ముందుగా నేల చూసుకోమని. బహుశా ఆ నేల చదునుగా లేదు.

ఇట్లు,
బొంగరం

తా.క.: నాన్న ఎలా ఉన్నారని నేను అడగడం లేదు. కాళ్ళ నొప్పులు తగ్గాయా అని మాత్రం అడుగుతున్నాను.

*

చిరంజీవి బొంగరానికి,

ఆశీస్సులు. అమ్మాయీ, ఎంత మాట రాశావే! నీ ఉత్తరం రెండో అంతస్తు ఆయన చేతిలో పెట్టాను. "నేల చదునుగా లేదు" అన్న చోట ఆగిపోయాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు. "నేల మీద నింద వేసే ముందు ఆ పిల్ల వచ్చి చూసిందా?" అన్నాడు. నేల చదును చూసే రసమట్టం తెచ్చి నాలుగు మూలలా పెట్టి చూశాడు. అందులో బుడగ సరిగ్గా నడిమధ్యలో ఉందట. నన్ను కూడా వంగి చూడమన్నాడు. నా నడుముకు వంగే యోగం ఉంటే ఈ కథే వేరు.

కోపం దిగాక కింద కూర్చుని, నీ తొట్టి బొమ్మ కాగితం మీద గీశాడు. ఆయన సందేహాలు ఇవి. పైన ఏమీ లేనప్పుడు నీళ్ళు ఎవరికి భయపడి పక్కకు తప్పుకుంటున్నాయి? ఆ స్తంభానికి చెయ్యి తగిలిస్తే తెలుస్తుందా? నీ బల్ల ఉన్న గదిలో నేల ఎవరు వేశారు, సరిగ్గా వేశారా?

మూడో సందేహానికి నువ్వు జవాబివ్వకపోయినా నాకు అభ్యంతరం లేదు.

మొదటిదానికి మాత్రం నాకే జవాబు తోచింది. నువ్వు ఇల్లు వదిలిన రోజు మీ నాన్న ఏమన్నాడు? "నేను జన్మంతా ఊళ్ళో వాళ్ళ ఇళ్ళకు టైల్స్ వేసి నేల చదును చేస్తే, నా కూతురు నేల మీద గుట్ట పెట్టి చదువుకుంటానంటోంది" అన్నాడు. నువ్వు ఊరుకున్నావా? "చదునుగా ఉన్నచోట తెలుసుకోవడానికేమీ ఉండదు నాన్నా" అన్నావు. ఆ మాట ఎక్కడో అడుగున పడి ఉంది. పైన ఏమీ కనబడదు. మేమందరం దాని చుట్టూ తిరిగి పోతున్నాం. స్తంభం అంటే నాకు కొత్తగా చెప్పనక్కర్లేదు.

మీ నాన్న కాళ్ళ నొప్పులు అలాగే ఉన్నాయి. నువ్వు అడిగావని నేను చెప్పలేదు. నువ్వు అడగలేదు కదా మరి.

ఆశీస్సులతో,
నానమ్మ

తా.క.: నీ ఉత్తరాన్ని మడత కుదరక నా కళ్ళజోడు పెట్టె కింద పెడుతున్నాను. అలా పెట్టినది మర్నాటికి చక్కగా, అంచుకు అంచు కలిపి మడతపడి ఉంటోంది. ఈ ఇంట్లో దయ్యాలకు పనితనం ఎక్కువ.

*

నానమ్మకు,

నమస్కారాలు. ఎవరే ఈయన? ఏం పని చేస్తుంటాడు? మా గైడు కూడా నన్ను ఇన్ని ప్రశ్నలు వెయ్యలేదు.

ఆయనకు చెప్పు. నీళ్ళు భయపడవు. వేగంగా తిరిగే నీళ్ళకు ఒక మొండితనం వస్తుంది. పైనుంచి అడుగు దాకా అన్నీ ఒకే వరసలో, ఒకదాని నెత్తిన ఒకటి ఉన్నట్టు నడుస్తాయి. అడుగునున్న వరస బిళ్ళను తప్పుకుంటే, దాని పైవరస, ఆ పైవరస, అన్నీ అదే దారి పడతాయి. చెయ్యి పెడితే తగలదు. చెయ్యి పెడితే పాడవుతుంది. నేల ప్రభుత్వం వారు వేశారు. దాని గురించి ఇంకేమీ అడగొద్దని చెప్పు.

నానమ్మా, నాకు ఓపిక అయిపోయింది. రోజూ తొట్టి కడుగుతాను, నీళ్ళు నింపుతాను, బల్ల తిప్పుతాను, రంగు వేస్తాను. అది గుట్ట మీదుగా నడిచి పోతుంది, నా మొహం మీదుగా నడిచినట్టు. నీళ్ళు పారబోస్తాను. గోళ్ళ కింద రంగు పోవడం లేదు. క్యాంటీను మనిషి నా చేతులు చూసి, "ఇళ్ళకు పెయింటింగ్ వేస్తారా?" అని అడిగాడు. అవునన్నాను. అదైతే సాయంత్రానికి గోడైనా కనబడుతుంది.

ఈసారి నిలబడకపోతే ఇంకో ఏడాది ఆగాలంటున్నారు. అప్పటిదాకా నేను ఆగను. పరీక్ష మానేసి ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటాను. నాన్న అన్నదే నిజమైందని ఇంట్లో అనుకుంటే అనుకోండి.

ఇట్లు,
అలిసిపోయిన బొంగరం

తా.క.: ఆ మిషనుకు నాలుగు కాళ్ళూ ఉన్నాయో లేదో చూసుకోమను. నేల మంచిదైతే తప్పు కాళ్ళలో ఉంటుంది.

*

చిరంజీవి అలిసిపోయినదానికి,

ఆశీస్సులు. అలసట గురించి నాకు ఉత్తరం రాయకు. ఆ విషయంలో నేను నీకంటే సీనియర్ని.

నీ ఉత్తరం అందిన సాయంత్రం రెండో అంతస్తు ఆయన కాఫీ ముట్టుకోలేదు. "మానేస్తుందా? ఇంత దూరం వచ్చి మానేస్తుందా?" అని వరండాలో అటూ ఇటూ తిరిగాడు. నువ్వు చదువు మానేస్తే ఆయనకేం, మానకపోతే ఆయనకేం? అదే అన్నాను. నా వంక చూసి, తన పాత తిరిగే కుర్చీ లాగాడు. దాని వీపు ఊడదీశాడు. దాని మీద బేసిను పెట్టి, అడుగున గిన్నెమూత బోర్లించి, నీళ్ళు నింపి, వాళ్ళావిడ చేత నీలిమందు పట్టించి, కుర్చీని ఒక్క తిప్పు తిప్పాడు.

బేసిను ఒకవైపు వెళ్ళింది. మూత ఒకవైపు వెళ్ళింది. నీలిమందు వాళ్ళావిడ మీదికి వెళ్ళింది. స్తంభం మాత్రం ఒక్కటే కనబడింది. అది ఆవిడే. కదలకుండా, పలకకుండా నిలబడి ఆయన్ని చూస్తోంది. నీళ్ళు నా మంచం కోళ్ళ దాకా వచ్చాయి. రాత్రంతా గది నీలంగా ఉంది.

అయినా ఆయన మానలేదు. రోజూ తిప్పుతున్నాడు. నిన్న తుడుచుకుంటూ, "తొందరపడి తిప్పితే లాభం లేదు, పిల్లకు చెప్పండి" అన్నాడు. తొందరపడింది ఎవరో ఆయనకు తెలియదనుకో. ఆయన నీ పరీక్ష చూడటానికి స్వయంగా వస్తాడట. రసమట్టం కూడా తెస్తాడట. నీ గది నేల మీద ఆయనకు అనుమానం తీరలేదు.

మానెయ్యాలనుకుంటే మానెయ్యి. నేనేం అనను. కానీ నీ చిన్నప్పుడు నీకు తల తిరుగుతున్నా సరే, హాల్లో గిరగిరా తిరిగి పడిపోయేదానివి. లేచి, నేల తిరుగుతోందని మీ నాన్నతో పోట్లాడేదానివి. "నేను వేసిన నేల తిరగదు" అనేవాడు వాడు. ఇద్దరికిద్దరూ.

ఆశీస్సులతో,
నానమ్మ

తా.క.: మిషనుకు కాళ్ళు మూడున్నరే ఉన్నాయట. ఒక కాలి కింద రబ్బరు బిళ్ళ ఎప్పుడో ఊడిపోయింది. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాల్సింది. నేల నిర్దోషి అని తేలింది. పండగ చేసుకున్నట్టు నవ్వాడు.

*

నానమ్మకు,

నమస్కారాలు. రెండు మాటలు. మొదటిది కోపంతో, రెండోది నమ్మలేక.

మొదటిది: ఆయన్ని రానివ్వకు. నా గైడు, పరీక్షకులు, డిపార్ట్‌మెంటు పెద్దలు, అందరి ఎదుటా ఎవరో మిషను ఆయన వచ్చి రసమట్టంతో నేల కొలుస్తుంటే నేనేం చెప్పుకోను? వస్తే తొట్టెడు నీళ్ళు ఆయన మీదే కుమ్మరిస్తాను. నీ మొహమాటాలకు నా పరీక్ష బలి కాకూడదు. అన్నట్టు, రెండో అంతస్తులో ఒలికిన నీళ్ళు మూడో అంతస్తులో నీ మంచం కోళ్ళ దాకా ఎలా వచ్చాయి? నేను చదివిన నీళ్ళేవీ పైకి పారవు.

రెండోది: స్తంభం నిలబడింది!

నిన్న మధ్యాహ్నం బల్ల తిరగడానికి వదిలి కుర్చీలో కూర్చున్నాను. రంగు వెయ్యాలి, వేసి పారబొయ్యాలి, అంతేగా అనుకుంటూ అలాగే నిద్రపోయాను. లేచేసరికి ఎండ నేల మీద నుంచి గోడ మీదికి ఎక్కింది. ఎలాగూ తిరుగుతోంది కదా అని వేగం పిసరు మార్చి చుక్క వేశాను. రంగు వచ్చింది, గుట్ట దగ్గరికి వచ్చింది, పైన ఏమీ లేని చోట చీలి, రెండు పక్కలుగా తప్పుకుని పోయింది.

తప్పు నాదే. నీళ్ళన్నీ ఒక్కటిగా తిరగడానికి చాలా సేపు పడుతుంది. పుస్తకంలో ఉంది, నాకూ తెలుసు. కానీ పరీక్ష దగ్గరపడిందన్న కంగారులో నేను సగంలోనే రంగు వేస్తూ వచ్చాను. నాకు పనికొచ్చింది తెలివి కాదు, నిద్ర.

ఇంకొకటి కూడా చూశాను. బల్ల వేగం బాగా తగ్గిస్తే నీళ్ళ మొండితనం సడలుతుంది. స్తంభం చెదిరి, నీళ్ళు మామూలుగా గుట్ట మీదుగా దాటిపోతాయి. గుట్ట అక్కడే ఉంటుంది, అంతే ఎత్తున.

ఇట్లు,
నిద్రలేచిన బొంగరం

తా.క.: పరీక్ష వచ్చే శుక్రవారం ఉదయం. ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా ఆ రెండో అంతస్తు ఆయనకు.

*

చిరంజీవి బొంగరానికి,

ఆశీస్సులు. నీ కబురు వినగానే మీ అమ్మ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. గిన్నెలు కడుగుతున్నాను అంది. గిన్నెలు బయటే ఉన్నాయి.

రెండో అంతస్తు ఆయన్ని ఆపడం నా వల్ల కాదు. శుక్రవారం అని నేను చెప్పలేదు. నీ ఉత్తరం కళ్ళజోడు పెట్టె కింద పెట్టానంతే. చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. కనీసం రసమట్టమైనా ఇంట్లో వదిలి వెళ్ళమన్నాను. "అది లేకుండా నేనెక్కడికీ వెళ్ళను" అన్నాడు. నీళ్ళు కుమ్మరించే పని మాత్రం పెట్టుకోకు, ఆ వయసులో జలుబు తొందరగా వదలదు.

మంచం కోళ్ళ నీళ్ళ గురించి అడిగావు. నీళ్ళ చదువు నీదా నాదా? నన్నడుగుతావేం?

ఆశీస్సులతో,
నానమ్మ

తా.క.: పరీక్షకులను చూసి బెదరకు. జీవితంలో నేను చాలా మంది పరీక్షకులను చూశాను. వాళ్ళ చూపు ఎప్పుడూ గడియారం మీదే.

*

నానమ్మకు,

నమస్కారాలు. నెగ్గాను. థీసిస్ ఒప్పుకున్నారు. మిగతా వివరాలు తర్వాత రాస్తాను, ముందు ఇది విను.

రెండో అంతస్తు ఆయన రాలేదు. నాన్న వచ్చారు.

నేను రంగు సీసా మూత తీస్తుంటే వెనక వరసలో, తలుపు పక్కన, పనిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. ఎవరు చెప్పారో, ఎలా వచ్చారో తెలియదు. ఆయన్ని చూస్తూనే సీసా వంచాను. ఒక చుక్క పడాల్సిన చోట నాలుగు పడ్డాయి. అయినా స్తంభం నిలబడింది. పరీక్షకుల్లో ఒకాయన గడియారం చూడటం మానేసి తొట్టి చూశాడు.

చివర్లో "సభలో ఎవరికైనా సందేహాలున్నాయా?" అన్నారు. నాన్న లేచారు. నన్ను "మీరు" అన్నారు నానమ్మా! "మీరు ఆ బిళ్ళ తీసేసి, ఉత్త చదునైన నేల మీద కూడా ఒకసారి తిప్పి చూశారా?" అని అడిగారు.

గది అంతా నా వైపు చూసింది. నాకు ఆ రోజు అన్న మాట గుర్తొచ్చింది. ఆయనకూ గుర్తొచ్చిందని ఆయన నిలబడిన తీరు చూస్తే తెలుస్తోంది. "చూశానండీ" అన్నాను. "అన్నిటికన్నా ముందు చూడాల్సింది అదే. చదునైన నేల మీద నీళ్ళు ఏం చేస్తాయో తెలియకపోతే, గుట్ట ఏం చేసిందో ఎవరూ చెప్పలేరు. మా పనంతా చదును మీదే నిలబడి ఉంది" అన్నాను.

ఆయన తల ఊపి కూర్చున్నారు. అందరూ వెళ్ళిపోయాక వచ్చి, సంచిలోంచి రసమట్టం తీసి బల్ల కింద నేల మీద పెట్టారు. చాలాసేపు చూశారు. "బాగానే వేశారు" అన్నారు. "తిన్నావా?" అన్నారు. ఆ తర్వాత బస్సుకు వేళయిందని వెళ్ళిపోయారు.

నాన్నకు ఇవన్నీ ఎలా తెలుసు నానమ్మా? రసమట్టం ఎందుకు తెచ్చారు? రెండో అంతస్తు ఆయన గానీ వెళ్ళి చెప్పాడా? ఆయన మీద ఊరికే నోరు పారేసుకున్నాను. నా తరఫున క్షమించమని చెప్పు.

ఇట్లు,
నీ బొంగరం

తా.క.: నాన్న గోళ్ళ కింద నీలం రంగు ఉంది. టైల్స్ పనిలో నీలం ఎక్కడిది?

*

చిరంజీవి, సకల విద్యలూ నేర్చిన మా బొంగరానికి,

ఆశీస్సులు. నీళ్ళలో లేని స్తంభాన్ని పైనుంచి చూసి, అడుగున ఏముందో చెప్పగలిగే పిల్లవు. నీళ్ళు పైకి పారవని కూడా నీకు తెలుసు. ఆ ఒక్క ముక్క దగ్గర కాసేపు కూర్చుని ఉంటే, ఈ ఉత్తరం రాసే శ్రమ నాకు తప్పేది.

రెండో అంతస్తు ఖాళీగా ఉంది. నువ్వు వెళ్ళిన ఏడాదే అందులో ఉండేవాళ్ళు ఖాళీ చేశారు. తలుపుకు తాళం, బాల్కనీలో పావురాలు. నడిచిన మిషను మనదే. తలుపు వెనక పీట వేసుకుని కూర్చున్నది మీ అమ్మ. నీలిమందుతో తడిసిందీ ఆవిడే. ఊరందరి నేలా చదును చేసే మనిషి సొంత ఇంట్లో మిషను నడుస్తోందంటే ఎక్కడ చెప్పుకుంటాడు? "ఎవరో అడిగినట్టు రాయమ్మా" అన్నాడు. రాశాను. నీ జవాబు చదివాక మిషను ధ్యాస పోయింది. ఇక నీ తొట్టి పట్టుకున్నాడు.

నీ పేరు ఇప్పటికీ ఎత్తడు. "ఆ పిల్ల ఏమంది?" అంటాడు. మీ అమ్మ "ఏ పిల్ల?" అంటుంది. ఇద్దరూ నా వంక చూస్తారు. ఇంత వయసొచ్చాక నన్ను పోస్టాఫీసు చేశారు.

శుక్రవారం తిరిగి వచ్చేసరికి బాగా అలిసిపోయి ఉన్నాడు. చెప్పులు విడిచి, నేల మీదే కూర్చుని గోడకు చేరబడ్డాడు. ఎప్పుడూ గిరగిరా తిరిగే మనిషి నెమ్మదించాడు. మీ అమ్మ కూడా పక్కన కూలబడింది. ఎవరికీ తప్పుకుని పోయే ఓపిక లేదు. అప్పుడు వాడు, "మన అమ్మాయి చేతులు అచ్చు నా చేతుల్లా ఉన్నాయే, గోళ్ళ నిండా రంగు" అన్నాడు. మన అమ్మాయి అన్నాడు. మీ అమ్మ లేచిపోలేదు. గిన్నె కూడా జరపలేదు.

నువ్వు చెప్పింది నిజమే. గుట్ట అక్కడే ఉంది, అంతే ఎత్తున.

ఆశీస్సులతో,
నానమ్మ

తా.క.: నీకంతా తెలిసిపోయిందని వాడికి తెలియదు, తెలియనివ్వకు. కొత్త సందేహం ఇప్పటికే సిద్ధంగా ఉంది: బల్ల ఆపేశాక ఆ స్తంభంలో చిక్కుకున్న నీళ్ళు ఎక్కడికి పోతాయి? జవాబు ఎప్పటిలాగే రెండో అంతస్తు ఆయన పేరునే రాయి, మర్యాదగా. లేదా నువ్వే వచ్చి చెప్పు. వస్తే మెట్ల మీద ఆగి రెండో అంతస్తు తలుపు మాత్రం కొట్టకు, పావురాలు బెదురుతాయి.